అండమాన్‌లో అక్వేరియం: ముందు నేల, తర్వాతే చేప

ఇంట్లో అక్వేరియం పెట్టాలనుకున్నవాళ్లు ముందు చేపల గురించే ఆలోచిస్తారు. ఏ రకం, ఎన్ని, ఏ ఫిల్టరు, ఏ లైటు అని లెక్కలు వేసుకుని, ఆఖరున గదిలో ఖాళీగా ఉన్న చోట స్టాండు నిలబెట్టేస్తారు. ఈ వరస తిరగబడాలి. ముందు నేలను, తర్వాత స్టాండును, ఆ తర్వాత అద్దాన్ని చూసుకుని, చేపల దగ్గరికి చివర రావాలి. ఈ జాగ్రత్త ఎక్కడైనా మంచిదే. అండమాన్ నికోబార్ దీవుల్లో మాత్రం తప్పనిసరి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ వంటి పేటల్లో ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో చేపల తొట్టెను అలంకార వస్తువుగా కాక, ఇంటి కట్టడంలో భాగంగా చూడాలని నా వాదన.

దుకాణాల్లో మామూలుగా దొరికే తొట్టెనే తీసుకుందాం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచుదాకా నింపితే 255 లీటర్లు పడతాయి, అంటే 255 కిలోలు. పది మిల్లీమీటర్ల అద్దమైతే దాని బరువే 50 కిలోల దాకా ఉంటుంది. అడుగున పరిచే గులకరాళ్లు, ఇసుక కలిస్తే మొత్తం 330 కిలోలు దాటుతుంది. నాలుగు కాళ్ల స్టాండయితే ఒక్కో కాలి కింద 80 కిలోలకు పైగా భారం రాత్రింబవళ్లు నిలిచి ఉంటుంది. పైగా నీరు కిందికే కాదు, పక్కలకూ నెడుతుంది. 45 సెంటీమీటర్ల లోతు నీరు నాలుగడుగుల ముందు అద్దాన్ని సుమారు 120 కిలోల బరువుకు సమానమైన బలంతో బయటికి తోస్తుంది. లోతు రెట్టింపయితే ఈ తోపుడు నాలుగింతలవుతుంది. దీన్ని పట్టి ఆపేది అద్దాల అంచుల మధ్య ఉన్న సన్నని సిలికాన్ అతుకు. ఆ అతుకు మీద అనవసరమైన ఒత్తిడి పడకుండా చూడటమే స్టాండు చేయాల్సిన అసలు పని.

ఒక చివర సెంటీమీటరు దిగినంత మాత్రాన పీడనం ఎంత పెరుగుతుందని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 45 సెంటీమీటర్ల లోతులో ఒక సెంటీమీటరంటే పీడనం రెండు శాతం చిల్లర పెరుగుతుంది. ఆ కాస్తకే అద్దం పగలదు. అయితే వాలు వేరు, మెలి వేరు. తొట్టె అడుగు మొత్తం ఒకే తలం మీద ఆనుకుని కొద్దిగా ఒరిగితే అది వాలు. మూడు మూలలు ఆనుకుని నాలుగో మూల కింద సందు ఉంటే అది మెలి. అద్దం వంగి సర్దుకునే పదార్థం కాదు కనుక ఆ మెలి భారమంతా మూలల్లోని అతుకుల మీదో, అడుగు అద్దం మీదో పడుతుంది. నీటి అంచును చూస్తే వాలు కంటికి తెలుస్తుంది. మెలి మాత్రం అతుకు చెమ్మగిల్లేదాకా బయటపడకపోవచ్చు. అందుకే తాపీమేస్త్రి వాడే రసమట్టాన్ని ఖాళీ స్టాండు మీద పొడవునా, అడ్డంగా, రెండు ఐమూలలా పెట్టి చూడాలి. తేడా ఉంటే స్టాండు కాళ్ల కింద గట్టి ప్లాస్టిక్ పలకలు పెట్టి సరిచేయాలి. తొట్టెకూ స్టాండుకూ మధ్య మాత్రం అలాంటి ముక్కలు దూర్చకూడదు. అడుగున ఫోమ్ షీటు వేస్తే చాలదా అంటే, అది ఇసుక రేణువంత ఎగుడుదిగుడును మింగుతుందే కానీ వంకర స్టాండును చదును చేయదు. చుట్టూ ఫ్రేము ఉన్న తొట్టెల కింద తయారీదారు చెబితే తప్ప ఫోమ్ వేయకపోవడమే మంచిది.

ఇక నేల సంగతి. వరండాలకు, స్నానాల గది పక్క గచ్చుకు నీళ్లు పోయేలా మేస్త్రీలు కావాలనే వాటం పెడతారు. కాబట్టి కంటికి చదునుగా కనిపించే నేలనూ కొలవాల్సిందే. దీవుల్లోని పాత చెక్క ఇళ్లలో బరువు ఒక్క పలక మీద పడకుండా, కింది దూలాలకు అడ్డంగా, గోడ దగ్గరగా తొట్టె ఉండాలి. పల్లాన్ని మెరక చేసి కట్టిన ఇళ్లలో నేల కాలక్రమేణా దిగవచ్చు. దానికితోడు అక్కడ రెండు రుతుపవనాలూ కురుస్తాయి. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, ఎప్పుడూ ఉప్పుగాలి. పార్టికల్ బోర్డు స్టాండు చెమ్మకు ఉబ్బుతుంది, రంగు పోయిన ఇనుప కాళ్లు తుప్పుపడతాయి. కొన్న రోజున మట్టంగా ఉన్నది ఏడాది తర్వాతా అలాగే ఉంటుందన్న హామీ లేదు. వానాకాలం దాటిన ప్రతిసారీ మట్టం మళ్లీ చూడాలి.

అన్నిటికన్నా పెద్ద కారణం భూకంపం. ఇక్కడ భారత ఫలకం బర్మా ఫలకం కిందికి దిగుతోంది. 1881లో కార్ నికోబార్ దగ్గర, 1941లో అండమాన్‌లో పెద్ద కంపాలు వచ్చాయి. 2004 డిసెంబరు 26న తీవ్రత 9 దాటిన భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ దగ్గర నేల సుమారు ఒక మీటరు కుంగింది, దీవుల దక్షిణ కొసనున్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగింది. భారత ప్రమాణాల సంస్థ 2002 నాటి పటం దీవులను అత్యధిక ప్రమాదమున్న అయిదో జోన్‌లో చేర్చి, 0.36 గుణకం ఇచ్చింది. అంటే గురుత్వ త్వరణంలో 36 శాతం దాకా నేల అడ్డంగా కుదిపే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇప్పుడు 75 సెంటీమీటర్ల స్టాండు మీద మన తొట్టెను ఊహించండి. బరువు కేంద్రం నేలకు దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. వెడల్పులో సగం 22 సెంటీమీటర్ల చిల్లర. ఈ కొలతలతో 25 శాతం కుదుపుకే ఒక వైపు కాళ్లు లేవడం మొదలవుతుంది. కంపం క్షణంలో దిశ మార్చుకుంటుంది కనుక పడిపోయి తీరుతుందని కాదు, నిలబడుతుందన్న భరోసా ఉండదని మాత్రమే. అదే స్టాండు ఎత్తు 40, వెడల్పు 60 సెంటీమీటర్లయితే ఆ హద్దు రెట్టింపవుతుంది. పొట్టిగా, వెడల్పుగా, వెనక గోడకు బిగించి ఉన్న స్టాండే ఇక్కడ సరైనది.

అంతటి భూకంపం వస్తే చేపల తొట్టెను ఎవరు పట్టించుకుంటారని కొట్టిపారేయడం సులువు. కానీ అప్పుడు కాపాడుకోవాల్సింది తొట్టెను కాదు, దాని పక్కనున్న మనుషులను. మూడు వందల కిలోల గాజు, నీరు పిల్లల మంచం మీద పడకూడదు, తలుపుకు అడ్డం రాకూడదు, కరెంటు బోర్డును తడపకూడదు. అందుకే చోటు ఎంచుకునేటప్పుడే ఈ మూడూ చూడాలి. నాలుగడుగుల తొట్టెలో నీటి ఊగిసలాటకు సుమారు సెకనున్నర పడుతుంది. దూరపు భూకంపాల నెమ్మది కదలికలకూ నీరు ఊగి పొర్లవచ్చు. అంచు కింద అయిదు సెంటీమీటర్లు వదలాలి, మూత ఉంచాలి, కరెంటు లీకయితే సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి, వైర్లు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా అమర్చాలి. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వరంటే, పొట్టి స్టాండు, చిన్న తొట్టె ఎంచుకోవచ్చు. రెండడుగుల తొట్టె చాలామందికి సరిపోతుంది.

ఇంత చేయడానికి ఓపిక ఎక్కడిదన్న అభ్యంతరం మిగిలింది. నిజానికి ఇందుకు అదనంగా పట్టే సమయం చాలా తక్కువ. తొట్టెను పావు వంతు నింపి ఆగి, రెండు చివర్లా అంచు నుంచి నీటి దాకా స్కేలుతో కొలవాలి. తేడా కనిపిస్తే నీళ్లు తీసేశాకే స్టాండును సరిచేయాలి, నిండు తొట్టెను ఎత్తడం, జరపడం ప్రమాదం. సరిగ్గా ఉంటే మిగతాది నింపాలి. తర్వాత కొన్ని వారాలు చేపలు లేకుండానే ఉంచాలి. చేపల విసర్జనలోని అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగడానికి ఎలాగూ నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపల ఆరోగ్యం కోసం తప్పని ఆ నిరీక్షణలోనే స్టాండు దిగిందా, అతుకు చెమ్మగిల్లిందా, నేల కుంగిందా అన్నది తేలిపోతుంది. ఆ వారాల్లో తప్పు బయటపడితే పోయేది కొన్ని బకెట్ల నీళ్లే.