క్రూయిజ్ కంట్రోల్‌కు గుట్ట కనబడదు



దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి. మన విద్యార్థుల కుటుంబాల్లో చాలామంది ఈ సెలవుల్లో సొంత కారులోనే తిరుమలకో, శ్రీశైలానికో, అరకుకో బయలుదేరుతారు. ఒకప్పుడు ఖరీదైన కార్లకే ఉండే క్రూయిజ్ కంట్రోల్ ఇప్పుడు చిన్న కార్లలో కూడా వస్తోంది. నేను తొమ్మిది, పది తరగతులకు ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ మధ్య పని–శక్తి పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి లేచి అడిగాడు: "క్రూయిజ్‌లో 60 పెడితే, ఘాట్ దిగేటప్పుడు కూడా కారు 60 దాటదు కదా?"

దాటుతుంది. ఎందుకు దాటుతుందో పిల్లలకు బోర్డు మీద లెక్క వేసి చూపించాను. కానీ స్టీరింగ్ పట్టుకునేది మీరు కాబట్టి మీకూ చెప్పాలనిపించింది.

క్రూయిజ్ కంట్రోల్ చేసే పని ఒక్కటే. మీరు పెట్టిన వేగాన్ని, కారు ఇప్పుడు వెళ్తున్న వేగాన్ని పోల్చి చూస్తుంది. తక్కువైతే యాక్సిలరేటర్ పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. ఈ ఆలోచన పాతదే. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి రెండు ఇనుప గుండ్లు తిరిగే గవర్నర్ పెట్టింది ఇలాంటి పనికే. కార్లకు దీన్ని తెచ్చినవాడు రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజినీరు. ఐదేళ్ళ వయసులోనే చూపు పోయినవాడు. ఆయన లాయరు కారు నడుపుతూ తను మాట్లాడేటప్పుడు నెమ్మదించేవాడట, ఎదుటివాళ్ళ మాట వినేటప్పుడు వేగం పెంచేవాడట. ఆ కుదుపులకు విసిగి టీటర్ ఈ పరికరం మీద పని మొదలుపెట్టాడని చెబుతారు. 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రైస్లర్ ఇంపీరియల్ కారులో అమ్మకానికి వచ్చింది.

చదును రోడ్డు మీద ఇది నిజంగా హాయి. జనగామ నుంచి హైదరాబాద్ వెళ్ళే నాలుగు వరుసల రోడ్డు మీద, విజయవాడ దాటాక నెల్లూరు వైపు హైవే మీద ట్రాఫిక్ పలచగా ఉన్నప్పుడు వాడుకోండి. కాలికి విశ్రాంతి, స్పీడ్ లిమిట్ దాటామన్న చలానా భయం ఉండదు. మన మహబూబాబాద్ చుట్టుపక్కల రోడ్ల మీద చిన్న చిన్న ఎత్తుపల్లాలే కాబట్టి దీని లోపం మనకు పెద్దగా తెలియదు. ఇక్కడ రోజూ వాడి నమ్మకం కుదిరినవాళ్ళు అదే నమ్మకంతో ఘాట్ ఎక్కుతారు. నాకున్న భయం అదే.

ముందు ఎక్కడం సంగతి. మనుషులతో, సామానుతో కలిపి కారు 1500 కిలోలు అనుకుందాం. వంద మీటర్లు ముందుకు వెళ్తే 5 మీటర్లు పైకి లేచే రోడ్డు అనుకుందాం. అప్పుడు భూమి ఆ కారును వెనక్కి లాగే బలం దాదాపు 735 న్యూటన్లు. అంటే 75 కిలోల వడ్ల బస్తాను ఎత్తడానికి ఎంత బలం కావాలో అంత. గంటకు 80 కిలోమీటర్ల వేగం నిలబెట్టాలంటే ఈ ఎత్తు కోసమే ఇంజిన్ అదనంగా 16 కిలోవాట్లు, అంటే దాదాపు 22 హార్స్‌పవర్ ఇవ్వాలి. చదును రోడ్డు మీద అదే వేగానికి కావలసిన దానికంటే ఇది ఎక్కువ.

ఎదురుగా అప్ వస్తోందని మీకు కనిపిస్తుంది కాబట్టి ముందే కాస్త ఊపు అందుకుంటారు. క్రూయిజ్‌కు ముందున్న రోడ్డు కనబడదు. వేగం 80 నుంచి 78కి, 76కి పడిపోయాకే దానికి సంగతి తెలుస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా నొక్కుతుంది. ఆటోమేటిక్ కారైతే ఒక్కసారిగా గేరు కిందికి పడి ఇంజిన్ అరుస్తుంది. కాసేపటికి మళ్ళీ పై గేరు, మళ్ళీ కింది గేరు. మాన్యువల్ కారైతే క్రూయిజ్ గేరు మార్చలేదు. ఐదో గేరులోనే ఇంజిన్ గుంజుకుంటూ దడదడలాడుతుంది. మీరు క్లచ్ నొక్కి గేరు మార్చబోతే చాలా కార్లలో క్రూయిజ్ ఆగిపోతుంది. వేగం మరీ పడిపోతే దానంతట అదే ఆగిపోయే కార్లూ ఉన్నాయి. ఇక గుట్ట తల మీదికి చేరాక కూడా ఒకటి రెండు క్షణాలు యాక్సిలరేటర్ తెరిచే ఉంటుంది, కాబట్టి డౌన్ మొదలయ్యే చోట కారు పెట్టిన వేగం కంటే ముందుకు దూకుతుంది. ఎక్కేటప్పుడు వచ్చే ఇబ్బందులు మాత్రం చాలావరకు చిరాకు, పెట్రోల్ ఖర్చు వరకే.

దిగడం వేరు. ఇందాకటి 735 న్యూటన్లు ఇప్పుడు కారును ముందుకు నెడతాయి. మామూలు క్రూయిజ్ చేతిలో ఉన్నది యాక్సిలరేటర్ ఒక్కటే, బ్రేక్ లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా మూసేశాక ఇక అది చేయగలిగింది లేదు. పై గేరులో ఇంజిన్ పట్టు తక్కువ కాబట్టి కారు 60, 65, 70 అంటూ పెరుగుతూ పోతుంది. డ్యాష్‌బోర్డు మీద 'సెట్ 60' అని మాత్రం చూపిస్తూనే ఉంటుంది. కొన్ని ఆటోమేటిక్ కార్లు గేరు తగ్గించి కొంత ఆపుతాయి. రాడార్ ఉన్న అడాప్టివ్ రకం బ్రేక్ కూడా వేయగలదు. మీ కారులో ఉన్నది ఏ రకమో షోరూమ్‌లో విన్న మాటను నమ్మి ఊరుకోకుండా ఓనర్స్ మాన్యువల్ తీసి చూడండి. అడాప్టివ్ అయినా మలుపు అవతల ఆగి ఉన్న బస్సు దాని రాడార్‌కు అందకపోవచ్చు.

తిరుమల సంగతే చూద్దాం. దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా. పొడవు దాదాపు 19 కిలోమీటర్లు, వరుసగా హెయిర్‌పిన్ మలుపులు. దిగే వాహనం 40 నిమిషాల కంటే ముందు కిందికి చేరకూడదని టీటీడీ నియమం. ఎక్కడానికి 28 నిమిషాలు. పిల్లలతో లెక్క వేయించండి: 19 కిలోమీటర్లు 40 నిమిషాల్లో అంటే గంటకు 28.5 కిలోమీటర్లు. చాలా కార్లలో క్రూయిజ్ 30 లేదా 40 దాటితే తప్ప సెట్ కానే కాదు. అంటే ఆ రోడ్డుకు తగిన వేగం ఈ పరికరం మొదలయ్యే వేగం కంటే తక్కువ.

క్రూయిజ్ ఆన్‌లో ఉన్నప్పుడు ఘాట్‌లో చేయకూడని పని ఇంకొకటి ఉంది. మలుపు దగ్గర బ్రేక్ నొక్కగానే క్రూయిజ్ ఆగుతుంది, కానీ పాత వేగాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మలుపు తిరుగుతూ 'రిజ్యూమ్' బటన్ నొక్కితే కారు ఆ పాత వేగం కోసం పరుగు తీస్తుంది. తడి రోడ్డు అయితే టైరు పట్టు కూడా తప్పవచ్చు. అందుకే ఘాట్ మొదలవకముందే మెయిన్ స్విచ్ పూర్తిగా ఆఫ్ చేయడం మంచిది.

మరి దేని మీద ఆధారపడాలి? గేరు మీద. ఏ గేరులో ఎక్కగలమో అదే గేరులో దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట ఫిజిక్స్ ప్రకారం కూడా సరైనదే. సెకండ్ లేదా థర్డ్ గేరులో ఇంజినే కారును పట్టి ఉంచుతుంది, బ్రేకును అవసరానికి మాత్రం నొక్కి వదలవచ్చు. తిరుమల నుంచి తిరుపతికి దిగే ఎత్తు దాదాపు 700 మీటర్లు. 1500 కిలోల కారు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి కోటి జౌళ్ళకు పైనే. మామూలు నీళ్ళు 35 లీటర్లు మరిగించడానికి సరిపోయే వేడి అది. గేరు సాయం లేకుండా ఆ వేడిలో ఎక్కువ భాగం నాలుగు చక్రాల బ్రేకుల మీద పడితే కాలిన వాసన వస్తుంది, తర్వాత పెడల్ నొక్కినా బ్రేకులు పట్టవు. వాసన రాగానే విశాలంగా ఉన్న చోట పక్కకు ఆపి చల్లారనివ్వండి. వేడి డిస్కుల మీద నీళ్ళు పోయకండి.

పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళలో చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పటి కార్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తేనే ఐడిలింగ్‌కు పెట్రోల్ కాలుతుంది. ఇంజిన్ ఆపేస్తే అంతకంటే ప్రమాదం: బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ పోతుంది.

శ్రీశైలం వెళ్ళేవాళ్ళకు ఒక మాట. మన్ననూరు దగ్గర అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. గేటు అందుకోవాలని తొందరపడి దోమలపెంట దాటాక కృష్ణ వైపు దిగే మలుపుల్లో వేగం పెంచకుండా, ఇక్కడి నుంచే రెండు గంటలు ముందు బయలుదేరండి.

ఎలక్ట్రిక్ కార్లు ఉన్నవాళ్ళకు కొంత వెసులుబాటు ఉంది. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌లా పనిచేసి, బ్రేకుల్లో వేడిగా పోయే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. అయితే బ్యాటరీ నిండుగా ఉంటే ఆ శక్తికి చోటు ఉండదు కాబట్టి కారును పట్టి ఉంచే ఈ సాయం బాగా తగ్గిపోతుంది. కొండ మీద రాత్రి బస చేసి చార్జింగ్ పెట్టేవాళ్ళు వంద శాతం నింపకుండా 80 దగ్గర ఆపేసి దిగండి.