గుడివాడ జంక్షను: రెండవ పట్టాతో వచ్చిన జాగ్రత్త

విజయవాడ నుండి బందరు పోవువారికి గుడివాడ స్టేషను సుపరిచితము. ఇచ్చట రైలుమార్గము రెండుగా చీలును. ఒకటి గుడ్లవల్లేరు, పెడనల మీదుగా బందరు చేరును. రెండవది కైకలూరు, ఆకివీడుల మీదుగా భీమవరము పోవును. బందరు మార్గము 1908లోను, భీమవరము మార్గము 1928లోను ఏర్పడినవి.

చాలకాలము ఈ మార్గములందు ఒకే లైను ఉండెడిది. రెండు స్టేషనుల నడుమ ఒక సమయమున ఒక బండికే అనుమతి. ఎదురుబండి స్టేషనులో వేచియుండెడిది. అందుచే ఒక బండి దాటిన పిమ్మట రైతులు, కూలీలు నిశ్చింతగా పట్టాలు దాటుట అలవాటయినది. ఇటీవలి సంవత్సరములలో రెండవ లైను, పైన విద్యుత్తు తీగ వచ్చినవి. పాత అలవాటు మాత్రము పలువురిలో ఇంకను పోలేదు. అపాయమంతయు ఇందే యున్నది.

ఇప్పుడు ఒక బండి పోవుచుండగనే, దాని చాటున రెండవ లైను మీద ఎదురుబండి రావచ్చును. మొదటి బండి రొదలో రెండవదాని చప్పుడు వినబడదు. విద్యుత్ ఇంజనుకు పొగ లేదు, మోతయు తక్కువ. వేగముగా వచ్చు బండి బ్రేకు వేసిన తరువాత కూడ వందల మీటర్లు పోయి గాని ఆగదు. డ్రైవరు మనలను చూచినను కాపాడజాలడు.

పై తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ఉండును. మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టులు మాత్రమే. ఈ తీగను తాకనక్కరలేదు, మిక్కిలి చేరువకు పోయినను ప్రాణము పోవచ్చును. కనుక వెదురుగడలు, ఇనుప నిచ్చెనలు నిలువుగా ఎత్తి పట్టాలు దాటరాదు. గేటుకు ఇరువైపుల ఎత్తు హద్దు తెలుపు అడ్డకమ్మి ఉండును. వరిగడ్డి లోడు దానికి తగులునట్లున్నచో, కొంత దింపి మరియొక విడత తోలుకొనవలెను. లోడుపై మనుషులు కూర్చుండరాదు. ఆగియున్న గూడ్సు పెట్టెలపైకి పిల్లలను ఎక్కనీయరాదు.

జపాను దేశమున చిన్న ఊరి స్టేషనులో సైతము ఉద్యోగులు సిగ్నలును వ్రేలితో చూపి, చూచినదానిని పైకి పలుకు ఆచారము కలదు. కన్ను, చేయి, నోరు ఒకే పనిలో నుండిన పొరపాటు తగ్గునని వారి అనుభవము. ఇందుకు ఖర్చు లేదు, చదువుతో పని లేదు.

స్టేషనులో వంతెన మీదుగనే ప్లాటుఫారము మారవలెను. గేటు వేసియున్నప్పుడు దాని క్రింద సైకిలు వంచి దూరరాదు. బండి పోయినను గేటు తెరచువరకు ఆగి, కుడియెడమలు రెండును చూచి, “రెండవ లైను ఖాళీ” అని పైకి అనుకొని పిమ్మట అడుగు వేయవలెను. బడికి పోవు పిల్లలకు ఈ మాట ముందుగా నేర్పుడు.