ఇద్దరు డాక్టర్లు.. రెండు మాటలు! జడ్జి ఎవరిని నమ్మాలి?

నాగిరెడ్డిపేట మండలం పోచారం ప్రాజెక్టులో ఒక శవం తేలిందనుకుందాం. నీళ్లలో మునిగి చనిపోయాడని పోస్టుమార్టం చేసిన డాక్టర్ రాశారు. కాదు, చంపాకే నీళ్లలో పడేశారని మరో నిపుణుడు అంటున్నారు. జైల్లో ఉన్న నిందితుడి తలరాత ఈ రెండు మాటల మధ్యే ఉంది.

హాలీవుడ్ సినిమాల్లోలా జ్యూరీ తేలుస్తుందనుకోకండి, మనకు జ్యూరీ లేదు. 1959లో నానావతి కేసులో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపారు. పెనుగులాటలో తుపాకీ పేలిందన్నది డిఫెన్స్ వాదన. మరి స్నానం చేసి వచ్చిన మనిషి నడుముకున్న తువ్వాలు ఊడలేదేం? హైకోర్టు దోషిగా తేల్చింది, 1961లో సుప్రీంకోర్టూ సమర్థించింది. ఆ తర్వాత జ్యూరీ విధానం కనుమరుగైంది.

ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 39 ప్రకారం నిపుణుడిది అభిప్రాయం మాత్రమే. దాన్ని తూచే పని జడ్జిదే. ఇద్దరు డాక్టర్లు విభేదిస్తే, ప్రత్యక్ష సాక్ష్యంతో కుదిరే అభిప్రాయాన్ని తీసుకోవాలని సుప్రీంకోర్టు 1977లో ప్యారాసింగ్ కేసులో చెప్పింది. సాక్షి చెప్పినట్టు జరిగే అవకాశమే లేదని వైద్యం తేలిస్తే మాత్రం సాక్షి మాట నిలవదు. అప్పటికీ అనుమానం మిగిలితే లాభం నిందితుడికే.

మన పోచారం కేసుకే వద్దాం. మునిగేటప్పుడు ఊపిరి ఆడుతుంటే నీళ్లలోని డయాటమ్‌లు (సూక్ష్మ నాచు) రక్తంలో కలిసి తొడ ఎముక మజ్జ దాకా చేరతాయి. అవి దొరికాయని ఒకరంటారు. ల్యాబ్ నీళ్లలోంచే వచ్చి ఉండొచ్చుగా అని రెండోవారు అడుగుతారు. ప్రాజెక్టు నీళ్ల శాంపిల్ తీసి పోల్చారా? లేదంటే రిపోర్టు బరువు తగ్గినట్టే.

2020 మేలో వరంగల్ దగ్గర గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు దొరికినప్పుడు మొదట ఆత్మహత్యలనే అనుమానించారు. నిద్రమాత్రలిచ్చి, స్పృహ లేనివాళ్లను బావిలో పడేశారని దర్యాప్తులో తేలింది. అక్టోబరులో కోర్టు ఉరిశిక్ష వేసింది.

సైన్స్ డిగ్రీ వాళ్లూ, ఇక్కడ మీకు పనుంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లాలని కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 176 చెబుతోంది. అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. ఓయూలో ఎంఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌కు సీపీగెట్ రాయాలి. మార్కులతో పాటు బోనులో నిలబడి 'ఎందుకలా అన్నారు?' అంటే తడబడకుండా చెప్పడం కూడా ఇప్పట్నుంచే సాధన చేయండి.