నడుము వంగితే అంతా వయసేనా?

మాది భామ్రాగడ్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో మాడియా. వానాకాలం పర్లకోట నది పొంగితే దారి మూసుకుపోతుంది. అలాంటి చోట నడుము నొస్తుందని దవాఖానకు పోయేవాళ్ళు తక్కువ. ఏళ్ళ తరబడి తునికాకు కట్టలు, ఇప్పపువ్వు గంపలు మోసిన ఆడవాళ్ళు అరవై దాటి గూనబడితే "వయసైంది, అంతే" అంటారు. చాలామంది విషయంలో అది నిజమే. ముట్టు ఆగిపోయాక ఎముక పలచబడుతుంది. కానీ కొందరిలో కారణం రక్తంలో కూడా ఉంటుంది.

ఎముకల లోపలి మజ్జలో ప్లాస్మా కణాలుంటాయి. రోగాలతో పోరాడే ప్రోటీన్లను తయారు చేయడం వాటి పని. ఒక్కోసారి ఒకే కణం నుంచి పుట్టిన గుంపు పెరిగి, ఒకే రకం ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. అది డెసిలీటరుకు 3 గ్రాముల లోపు, మజ్జలో ఆ కణాలు 10 శాతం లోపు ఉండి, అవయవాలేవీ దెబ్బతినకపోతే ఆ స్థితిని ఎంజీయూఎస్ అంటారు. 1978లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్ రాబర్ట్ కైల్ పెట్టిన పేరిది. "ఈ ప్రోటీన్ దేనికి సూచనో ఇంకా తేలలేదు" అనే భావం ఆ పేరులోనే ఉంది. ఇది క్యాన్సర్ కాదు. ఏటా నూటికి ఒకరికి మాత్రం మైలోమా వంటి జబ్బుగా మారుతుంది. అమెరికాలో ఒక కౌంటీలో 50 ఏళ్ళు దాటినవాళ్ళను పరీక్షిస్తే నూటికి ముగ్గురికి పైగా ఉందని 2006లో ప్రకటించారు.

మరి ఎముకకేం సంబంధం? ఎముక ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదు, మన మట్టిగోడ లాంటిది. కొన్ని కణాలు పాతదాన్ని తొలుస్తుంటే, కొన్ని కొత్తది పూస్తుంటాయి. ఎంజీయూఎస్‌లో తొలిచే పని ఎక్కువై, పూసే పని తగ్గుతుంది. గట్టి పైపొరలో సన్నని రంధ్రాలు పెరుగుతాయి. స్వీడన్‌లో ఐదు వేలమందికి పైగా రోగులను గమనించి 2010లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, అయిదేళ్ళలో ఎముక విరిగే ముప్పు మిగతావారి కంటే 1.74 రెట్లు. చేతులు, కాళ్ళ కన్నా వెన్నుపూస, కటి, పక్కటెముకలకే ఆ ముప్పు ఎక్కువ. ఇంకో ముఖ్యమైన మాట: ఎముక విరిగినవాళ్ళకు మైలోమా వచ్చే అవకాశం ఏమీ పెరగలేదు. అంటే ఎముక ముప్పు దానికదే వేరు. "క్యాన్సర్ కాదు కదా" అని వదిలేస్తే ఆ ముప్పు అలాగే ఉండిపోతుంది.

అందరూ ఈ పరీక్ష చేయించుకోవాలని కాదు. పెద్దగా పడకుండానే వెన్నుపూస విరిగినా, ఎత్తు తగ్గినా, నొప్పితో పాటు రక్తహీనత, నీరసం ఉన్నా డాక్టరును అడగాలి. రక్తంలో ప్రోటీన్లను విడదీసి చూసే ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్షలో ఇది బయటపడుతుంది. ఎముక సాంద్రత కొలుస్తారు. అవసరమైతే విటమిన్ డి, కాల్షియం, ఎముకను తొలిచే కణాలకు కళ్ళెం వేసే మందులు ఇస్తారు.

మా ఊరి పక్కనే హేమల్‌కసాలో 1973లో బాబా ఆమ్టే ప్రారంభించిన లోక్ బిరాదరీ ప్రకల్ప్ దవాఖాన ఉంది. అక్కడిదాకా పోవాలంటే ముందు ఇంట్లో ఎవరో ఒకరు అడగాలి: "అమ్మమ్మా, ఎప్పటిసంది నొస్తుంది? ఎట్ల మొదలైంది?" సెలవులకు ఇంటికి పోయినప్పుడు మనమే అడుగుదాం.