రక్తంలో చక్కెర తగ్గినప్పుడు

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం ప్రాంతంలో పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. మిరపకాయలు ఏరే రోజులలో మధుమేహం గల ఒక రైతు ఉదయమే ఇన్సులిన్ సూదిమందు వేసుకొని, తినీ తినక చేనికి వెళ్ళినాడనుకొందాం. పదకొండు గంటల వేళకు అతనికి చెమటలు పోసి, చేతులు వణకి, మాట తడబడుతుంది. చూచినవారిలో ఒకరు వడదెబ్బ అంటారు. ఒకరు కల్లు తాగినాడంటారు. మరొకరు గాలి సోకిందంటారు. ముగ్గురూ పొరబడినవారే. అతని రక్తంలో చక్కెర తగ్గిపోయింది. దీనినే వైద్యులు హైపోగ్లైసీమియా అంటారు. దీనికి మందు ప్రతి వంటింటిలోనూ ఉన్నది. కాని అది నిమిషాలలో అందవలె.

ఎందుకింత తొందర?

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో కరిగి ఉండే గ్లూకోజు అంతా కలిపితే దాదాపు ఒక చెంచాడు మాత్రమే. ఆరోగ్యవంతులలో పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తంలో 70 నుండి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. మెదడుకు ఇదే ముఖ్యమైన ఆహారం. అది రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజును ఖర్చు చేస్తుంది. తనకై నిలవ చేసుకొనేది మాత్రం అత్యల్పం. అందుచేత రక్తంలో సరఫరా తగ్గగానే మెదడు పని చెడుతుంది.

మామూలుగా ఈ లోటు రాదు. భోజనానంతరం క్లోమగ్రంథి నుండి వచ్చే ఇన్సులిన్ చక్కెరను కణాలలోనికి పంపుతుంది; మిగిలినదానిలో కొంత కాలేయంలో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. ఆకలి వేళ అదే క్లోమం గ్లూకగాన్ అనే మరొక హార్మోనును పంపి, ఆ నిలవను కరిగిస్తుంది. కాని సూదిమందుగా లోనికి పోయిన ఇన్సులిన్, ఆ మనిషి అన్నం తిన్నాడా లేదా అని చూడదు. తన పని తాను చేసుకొని పోతుంది. గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలూ ఇంతే. పూట తప్పడం, ఉపవాసం, అలవాటులేని శ్రమ, మద్యపానం ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. మద్యం కాలేయం కొత్త గ్లూకోజును తయారుచేయకుండా అడ్డుపడుతుంది.

ఇన్సులిన్ కనుగొన్ననాడే ఈ సంగతి తెలిసింది. 1921లో టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ ప్రారంభించిన పరిశోధనలో కాలిప్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు చేరినాడు. అతడు శుద్ధిచేసిన మందును కుందేళ్ళకు ఇచ్చినప్పుడు వాటికి మూర్ఛలు వచ్చినవి. గ్లూకోజు ఇవ్వగా అవి తేరుకొన్నవి.

గుర్తులు

చక్కెర 70 మిల్లీగ్రాముల కంటె తగ్గితే జాగ్రత్తపడవలె. మొదట ఎడ్రినలిన్ హెచ్చరిక చేస్తుంది: చెమట, వణకు, గుండెదడ, విపరీతమైన ఆకలి. 54 కంటె తగ్గితే మెదడు తడబడుతుంది: అకారణమైన కోపం, మగత, మసకచూపు, తూలు, పొంతనలేని మాటలు. అప్పటికీ చక్కెర అందకపోతే మూర్ఛ, అపస్మారకం వస్తాయి. చాలా ఏండ్లుగా మధుమేహం ఉన్నవారిలో మొదటి హెచ్చరికలు కనబడకనే పోవచ్చు.

చేయవలసినది

తెలివి ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర, అనగా సుమారు 15 గ్రాములు, నీటిలో కలిపి తాగించవలె. గ్లూకోజు పొడి ఇంకా మంచిది. అకార్బోస్ మాత్రలు వాడేవారికి గ్లూకోజే ఇవ్వవలె. చక్కెర వారికి త్వరగా పనిచేయదు. పదిహేను నిమిషాలలో తేరుకోకపోతే మళ్ళీ అంతే ఇవ్వవలె. తేరుకొన్న తరువాత అన్నమో, ఇడ్లీలో పెట్టవలె. లేనిచో చక్కెర తిరిగి పడిపోవచ్చు. పరీక్షించే యంత్రం దగ్గర లేకపోయినా చక్కెర ఇవ్వడానికి సందేహించరాదు. ఒకవేళ అనుమానం తప్పైనా ఈ కొంచెం చక్కెర చేసే హాని స్వల్పం. ఆలస్యం చేసే హాని గొప్పది.

తెలివి తప్పినవారి నోటిలో ఏమీ పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి కబురు చేయవలె. ఆసుపత్రిలో గ్లూకోజును నేరుగా నరంలోనికి ఎక్కిస్తారు.

జ్వరంలోనూ రావచ్చు

మధుమేహం లేనివారికి కూడా ఈ స్థితి కలుగవచ్చు. ఇదే ప్రాంతానికి తూర్పున ఉన్న భద్రాచలం అడవులలో మలేరియా చిరకాలంగా తెలిసిన జబ్బు. తీవ్రమైన ఫాల్సిపేరం మలేరియాలో, ముఖ్యంగా పిల్లలలోనూ గర్భిణులలోనూ, చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చికిత్సకు వాడే క్వినైన్ కూడా ఇన్సులిన్‌ను ఎక్కువగా ఊరించి ఈ లోటును పెంచుతుంది. నేడు తీవ్రమైన మలేరియాకు ఆర్టిసునేట్ సూదిమందు ప్రధానమైనది. అయినా జ్వరంతో స్పృహ తప్పిన రోగికి చక్కెర పరీక్ష తప్పనిసరి. రోగం మెదడుకెక్కిందని భావించి ఊరుకొంటే, సులభంగా సరిచేయదగిన కారణం మరుగునపడిపోతుంది.

బడిలో

ఇన్సులిన్ తీసుకొనే పిల్లలు బడిలోనూ ఉండవచ్చు. వారెవరో ఉపాధ్యాయులకు ముందే తెలిసి ఉండవలె. కబడ్డీ ఆడి వచ్చిన పిల్లవాడు పాఠం వేళ చిరాకుపడినా, మందకొడిగా కూర్చున్నా, దానిని క్రమశిక్షణ లోపమని దండించడానికి ముందు చక్కెర సంగతి తలచవలె. అటువంటి పిల్లవానిని ఒంటరిగా ఇంటికి పంపరాదు. పరీక్షగదిలోనైనా అతని జేబులో గ్లూకోజు పొట్లం ఉండనివ్వవలె. రోజూ తీపి వద్దని చెప్పే జబ్బులోనే, ఆ కొద్ది నిమిషాలలో తీపి ప్రాణం నిలుపుతుంది. ఈ సంగతి రోగికి తెలిస్తే చాలదు. ఆ వేళకు అతని తెలివి అతని వశంలో ఉండదు. చుట్టూ ఉన్నవారికి తెలియవలె.