తలక్రిందుల తోటమాలి

అంజూర్ ఫాటా అనగానే మనవారికి అంజూరపండు తలపుకు వస్తుంది. ఆ పండుకు దగ్గర చుట్టాలే మన మర్రి, రావి, మేడి. సాంచాల దగ్గర రాత్రిపాళీ మొదలయ్యే వేళకు యీ పండ్ల వేటలో బయలుదేరే ప్రాణి ఒకటి వుంది. అదే పెద్ద గబ్బిలం.

రెక్కలు చాపితే కొసనుంచి కొసకు నాలుగడుగులు. బరువు కిలో దాటవచ్చు. మొగం అచ్చం చిన్న నక్కదే. ఇంగ్లీషువారు ఎగిరేనక్క అన్నది అందుకే. పురుగులు తినే చిన్న గబ్బిలాలు తమ కూత ప్రతిధ్వనిని విని దారి పోల్చుకుంటాయి. దీనికి ఆ విద్య లేదు. పెద్ద కళ్ళతో చూచి, వాసనపట్టి పండును చేరుతుంది. పగలు వందలకొద్దీ ఒకే చెట్టున తలక్రిందులుగా వ్రేలాడుతాయి. నిద్రలోనైనా పట్టు జారదు. ఒంటి బరువే కాలినరాలను బిగించి వుంచుతుంది. ఎండ మండితే రెక్కలతో విసురుకుంటాయి!

తినే తీరు చూడదగ్గది. పండును నోట నలిపి, రసం మింగి, పిప్పిని ఉమ్మేస్తుంది. మర్రిగింజలు సన్నవి గనుక రసంతోపాటే లోపలికి పోయి, దూరాన రెట్టలో పడి మొలుస్తాయి. పాతగోడ పగులులో మర్రిమొక్క కనిపిస్తే, దాన్ని నాటినది పక్షో, యీ గబ్బిలమో అనుకోవచ్చు. ఇప్ప, బూరుగు పూల తేనె కోసం తిరుగుతూ పుప్పొడిని చెట్టునుంచి చెట్టుకు చేరుస్తుంది కూడా.

అయినా మంచిపేరు లేదు. చిలక కొట్టిన జామపండు తియ్యనంటాం, గబ్బిలం కొరికితే చీదరించుకుంటాం. జాషువాగారు 1941లో గుడిలోకి రానివ్వని మనిషి మొరను శివుడికి చేర్చే దూతగా గబ్బిలాన్నే యెన్నుకున్నారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం మాత్రం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలతో, కాకులతో కలిపి చీడల పట్టీలో వేసింది. 2022 సవరణతోగాని ఆ పట్టీ పోలేదు. యాభై ఏళ్ళు!

2018లో కేరళలోని కోళికోడులో నిపా జ్వరంతో పలువురు మరణించాక భయం పెరిగింది. ఆ విషక్రిమి వీటి ఒంట్లో వుండేమాట నిజమే. ఎంగిలిలో, మూత్రంలో బయటికి వస్తుంది. కనుక అమ్మలారా, కొరికిన పండు పిల్లలకు పెట్టకండి. మంచి పండునైనా కడిగి, తొక్క తీసి ఇవ్వండి. మూతలేని కుండలో పట్టిన పచ్చికల్లు మగవారికీ వద్దు సుమా! అంతేగాని బాణసంచా కాల్చి తరమడం దీనికి మందు కాదు. ఇక్కడ చెదిరినవి మరో చెట్టుకు చేరతాయి.

ఆడది సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. మొదటి వారాల్లో దాన్ని పొట్టకు కరిపించుకునే ఎగురుతుంది. అందుచేత ఒక మంద చెదిరిపోతే మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. భివండీ చుట్టూ గోడౌన్లు లేస్తున్నాయి, పాత చెట్లకు గండమే. మహారాష్ట్రలో 1975 చట్టం ప్రకారం పట్టణాలలో చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. ముందుగా చెట్టుకు నోటీసు అంటించి, అభ్యంతరాలు అడగాలి. అలాంటి కాగితం కంటబడితే, పగటివేళ ఒకసారి తలెత్తి కొమ్మలు చూడండి. వ్రేలాడేవి వుంటే ఆ సంగతీ అర్జీలో వ్రాయండి.