వార్తల్లో పదం: మెడికేర్ నిరీక్షణ కాలం

అమెరికాలో వైకల్యం వల్ల ఉద్యోగం చేయలేకపోయినవారికి సోషల్ సెక్యూరిటీ నెలనెలా ఇచ్చే భృతి ఎస్ఎస్‌డీఐ. అక్కడి మనవాళ్ల పే స్లిప్పుల్లో కనిపించే ‘ఫికా’ కోతలో కొంత దీనికే పోతుంది. వైకల్యం మొదలయ్యాక ఐదు పూర్తి నెలలు గడిస్తేగానీ భృతికి అర్హత రాదు. ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌కు ఆపైన మరో 24 నెలలు ఆగాలి. ఖర్చు తగ్గించుకోవడానికి 1972 చట్టంలో పెట్టిన మెలిక ఇది. ఉద్యోగంతోపాటు కంపెనీ బీమా పోయి, మందుల బిల్లులు పెరిగే రోజుల్లోనే ఈ ఎదురుచూపు! నాడులు క్షీణించి కండరాలు చచ్చుబడే ఏఎల్ఎస్ వ్యాధి రోగులకు మాత్రం రెండు గడువులూ లేవు. ఆదాయం, ఆస్తి బాగా తక్కువైతే ఎస్ఎస్ఐ అనే మరో భృతి ఉంది. అది మంజూరైతే చాలా రాష్ట్రాల్లో పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ వెంటనే వర్తిస్తుంది. అందుకే రెండు భృతులకూ ఒకేసారి దరఖాస్తు చేసుకోవడం మేలు.